రైఫిల్ తుడిచే కడ్డీ

మా షూటింగ్ రేంజ్‌లో ఆయుధాల గదికి కొత్తగా చేరే పిల్లల కోసం నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగారు. రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, ఎందుకంటే రాలేదు. రిజిస్టర్ల గురించి రాయను, ఎందుకంటే వాటిని నింపడం ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకుంటారు. పాయింట్ టూ టూ రైఫిల్‌ను తుడిచే కడ్డీ గురించి రాస్తాను. ఇంత చిన్న వస్తువుకు ఇంత కథా అని నవ్వేవాళ్లు నవ్వుకోండి. నవ్విన వాళ్లందరి రైఫిళ్లనూ చివరికి నేనే బాగుచేశాను.

రైఫిల్ కొనడానికి జనం ఆరు నెలలు ఆలోచిస్తారు. నలుగురిని అడుగుతారు, వీడియోలు చూస్తారు, లైసెన్సు కోసం చెప్పులు అరిగేలా తిరుగుతారు. కడ్డీ దగ్గరికి వచ్చేసరికి దుకాణంవాడు ఏది చేతిలో పెడితే అది తెచ్చుకుంటారు. బారెల్‌లోకి గుండు కంటే ఎక్కువసార్లు పోయేది కడ్డీయే అన్న సంగతి ఎవరికీ తట్టదు.

లేత్ మిషన్ దగ్గరి నుంచి

నేను చదివింది ఏడో తరగతి. ఈ మాట నేను చెప్పకపోయినా చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. జీడిమెట్ల ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేశాను. ఇంగ్లీషును మిషన్ల మాన్యువళ్లు చూసి నేర్చుకున్నాను. ఒక చేతిలో మాన్యువల్, ఇంకో చేతిలో డిక్షనరీ. ఫ్యాక్టరీ మూతపడ్డాక శామీర్‌పేట, మేడ్చల్ మధ్య ఉన్న మా రేంజ్‌లో ఆయుధాల గదికి సహాయకుడిగా చేరాను. అప్పుడు అక్కడ పెద్దదిక్కు గఫూర్ సాబ్, మిలిటరీలో రిటైరైన హవల్దార్. మనిషి సన్నన, మాట గరుకు.

చేరిన మొదటి వారంలోనే ఒక రైఫిల్ పాడు చేశాను. నన్నెవరూ పురమాయించలేదు. లేత్ మీద పనిచేసిన వాడికి ఇనుము మెరవకపోతే నిద్ర పట్టదు. రైఫిల్‌ను వెనక చెక్క మీద నిలబెట్టి, మూతిలోంచి కడ్డీ దూర్చి, వడ్లు దంచినట్టు కిందికీ పైకీ ఆడించాను. చివరికి గుడ్డ ముక్క మల్లెపువ్వులా తెల్లగా వచ్చింది. ఆ గుడ్డ ముక్కను మేం చిందీ అంటాం. మెచ్చుకుంటాడని ఎత్తి చూపించాను.

గఫూర్ సాబ్ చిందీ వైపు చూడలేదు. బారెల్ మూతి మీద వేలు పెట్టి నిమిరాడు.

“అరే మల్లేశం, గిదేమన్న రోలనుకున్నవా? మూతిల కెల్లి దంచుతున్నవ్?”

“తెల్లగొచ్చింది గద సాబ్.”

“గుడ్డ తెల్లగైంది. నాలీ ఖరాబైంది. నువ్వు గుడ్డ ఉతకనీకె వచ్చినవా, రైఫిల్ సూడనీకె వచ్చినవా?”

తర్వాత నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. నాలీ అంటే బారెల్, దాని లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. గుండు వాటిని పట్టుకుని గిరగిరా తిరుగుతూ వస్తుంది. బయటికి పోయే ముందు చివరిసారి తాకేది మూతి అంచునే. ఆ అంచు చుట్టూ ఒక్కలా ఉంటే గుండు తిన్నగా పోతుంది. ఒక పక్క వెంట్రుకంత అరిగినా, వెనకనుంచి తోసే పొగ ఆ పక్క నుంచి ముందుగా తప్పించుకుంటుంది, గుండు తల ఊపుతుంది. ఇక షూటర్ ఎంత ఊపిరి బిగబట్టినా లాభం లేదు.

నేను పాడు చేసిన ఆ రైఫిల్‌ను ఆయన పారేయనివ్వలేదు. గోడకు తగిలించి, రోజూ వచ్చేటప్పుడు పోయేటప్పుడు దాని మూతి చూసి పొమ్మన్నాడు. రెండేళ్లు చూశాను. ఏ కాలేజీలోనూ అంతకన్నా మంచి పాఠం చెప్పరు.

కడ్డీ ఎలా ఎంచుకోవాలి

ఇక పనికొచ్చే మాటలు. వరసగా చెప్పడం నాకు చేతకాదు, గుర్తొచ్చినట్టు చెబుతాను.

కడ్డీ ఒకే ముక్కగా ఉండాలి. మూడు ముక్కలు మరలతో బిగించి పొడుగు చేసేవి డబ్బాలో ముద్దుగా ఉంటాయి, బ్యాగులో పడతాయి. కానీ ప్రతి అతుకు దగ్గరా చిన్న మెట్టు ఉంటుంది. తోసినప్పుడు కడ్డీ అతుకు దగ్గరే వంగుతుంది, ఆ మెట్టు గాడులను గీరుతుంది. వేటకు పోయినవాడికి, బ్యాగు తప్ప దారిలేనివాడికి అది సరే. రేంజ్‌లో గోడ ఉంది, గోడకు మేకు ఉంది. పొడుగు కడ్డీ తగిలించుకోవడానికి ఏం రోగం?

అల్యూమినియం వద్దు. ఇత్తడి కడ్డీ కూడా వద్దు. మెత్తటి లోహం బారెల్‌ను గీరదని దుకాణంవాడు చెబుతాడు. వినడానికి బాగానే ఉంటుంది. మెత్తగా ఉంటుంది కాబట్టే దుమ్ము దాంట్లో దిగబడుతుంది. మా చుట్టూ కంకర మిషన్లు ఉన్నాయి. మధ్యాహ్నం బల్ల తుడిస్తే సాయంత్రానికి రాతి పొడి మళ్లీ వేలికి అంటుతుంది. ఆ పొడి దిగబడిన అల్యూమినియం కడ్డీ ఇక కడ్డీ కాదు, గరుకు కాగితం చుట్టిన పుల్ల. నునుపుగా పాలిష్ చేసిన గట్టి ఉక్కు కడ్డీ తీసుకోండి. ప్లాస్టిక్ పూత ఉన్నది కూడా మంచిదే, కానీ ప్రతిసారి తోసే ముందు తుడవాలి, పూత లేస్తే పారేయాలి. తుడిచే ఓపిక లేనివాడు ఉక్కుదే కొనాలి.

లావు సంగతి. పాయింట్ టూ టూ బారెల్ రంధ్రం అయిదున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. కడ్డీ అయిదుకు కొంచెం అటూ ఇటూ ఉండాలి. మరీ సన్నదైతే పాములా మెలికలు తిరిగి గోడలకు రాసుకుంటుంది. కడ్డీ పొడుగు బారెల్‌కు, దాని వెనక భాగానికి కలిపి సరిపోయి, పైన పిడికెడు మిగలాలి. పిడిలో బేరింగులు ఉండాలి. గాడులు మెలి తిరిగితే కడ్డీ కూడా వాటితో పాటు తిరగాలి కదా. పిడి తిరగకపోతే చిందీ గాడుల మీద అడ్డంగా జారుతుంది, గాడుల్లో మురికి గాడుల్లోనే ఉంటుంది.

ఎప్పుడూ వెనక నుంచే తోయాలి. ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూసి, వెనక గడియలాంటి బోల్ట్ తీసి, ఆ చోట కడ్డీని తిన్నగా నడిపే గైడ్ గొట్టం పెట్టి, దాంట్లోంచి కడ్డీ పంపాలి. మురికి చిందీ మూతి దాటి బయటపడగానే తీసేయాలి, దాన్నే మళ్లీ లోపలికి లాగకూడదు. కొన్ని రకాల రైఫిళ్లను వెనక నుంచి తుడవడం కుదరదు. వాటికి కడ్డీ మాటే వద్దు, తాడుకు చిందీ కట్టి లాగండి.

అన్నిటికన్నా ముఖ్యం: ఎక్కువ తుడవకండి. పాయింట్ టూ టూ గుండు మెత్తటి సీసం, పైన మైనం. బారెల్‌ను అది పెద్దగా పాడు చేయదు. కాల్చి కాల్చి అరిగిపోయిన పాయింట్ టూ టూ బారెల్‌ను నేను ఒక్కటి చూశాను. తుడిచి తుడిచి అరగదీసినవి చేతివేళ్లు చాలనన్ని చూశాను.

తెల్ల చిందీ పోటీ

గఫూర్ సాబ్ పోయాక ఆయుధాల గది నా చేతికి వచ్చింది. ఉక్కు కడ్డీలు రెండే ఉండేవి. అవి నేను తప్ప ఎవరూ ముట్టేవాళ్లు కాదు. అలా చాలా ఏళ్లు నడిచింది.

కొన్నేళ్ల కింద రేంజ్‌కు కొత్త సెక్రటరీ వచ్చారు. కొంపల్లి వైపు పొలాలున్న కుటుంబం, ఇప్పుడు వాటిలో విల్లాలు లేచాయి. మనిషి చెడ్డవాడు కాదు. అయితే ఏ వస్తువైనా డబ్బా బాగుంటే లోపలిదీ బాగుంటుందని నమ్మే మనిషి. ఒకరోజు పన్నెండు డబ్బాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల ఎర్ర మఖ్మల్, దాంట్లో మూడు ముక్కల అల్యూమినియం కడ్డీ.

“సూడు మల్లేశం, మస్తున్నయ్ గద?”

“డబ్బా మంచిగున్నది సార్. రాడ్లు వాపస్ ఇయ్యాలె.”

“ఎందుకు?”

చెప్పాను. అతుకులు, రాతి పొడి, మూతి. సగంలోనే ఆపేశారు.

“ఏడో తరగతి సదివి ఇంజినీర్ లెక్క మాట్లాడ్తవేంది? పెద్ద పెద్ద షాపులల్ల అమ్ముతున్నరు. ఆల్లకు తెల్వదా?”

పక్కన నలుగురు మెంబర్లు ఉన్నారు. వాళ్లు నవ్వారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయుధపూజకు నాలుగు రోజులుంది. ప్రతి దసరాకు రైఫిళ్లన్నీ బయటికి తీసి, తుడిచి, గంధం కుంకుమ పెట్టి పూజ చేయడం మా రేంజ్ ఆనవాయితీ. ఆ తుడిచే పని ఎప్పుడూ నాదే. ఈసారి నేను రానని చెప్పి, తాళాలు సార్ చేతికిచ్చి, అలిగి గుండ్లపోచంపల్లిలో మా ఇంట్లో కూర్చున్నాను.

నా ఉద్యోగం మొత్తంలో పెద్ద తప్పు అదే. మూతిలోంచి దంచిన తప్పు తెలియక చేసింది. ఇది తెలిసి చేసింది. నా పౌరుషం నా దగ్గరే ఉంది, రైఫిళ్లు మాత్రం వాళ్ల చేతుల్లో పడ్డాయి.

పండుగ వెళ్లాక మళ్లీ పనిలోకి వచ్చి తాళాలు తీసుకున్నాను, కానీ ఏం జరిగిందో చాలా రోజుల తర్వాతే విన్నాను. పూజ రోజు పొద్దున రైఫిళ్లను బయట పందిరి కింద వరసగా నిలబెట్టారు. ముందే పూజ చేసి మూతికి కుంకుమ బొట్లు పెట్టారు. తర్వాత సెక్రటరీ సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. అందరి కంటే తెల్లటి చిందీ తీసిన వాళ్లకు స్టీలు టిఫిన్ డబ్బా బహుమతి! ఇక చూడండి. కుంకుమ, దుమ్ము, అల్యూమినియం కడ్డీలు, మూతిలోంచి దంచుడు. గెలిచినాయన ఒక్క రైఫిల్‌ను గంటసేపు దంచాడట. అది ఏడో నంబరు.

ఏడో నంబరు

ఏడో నంబరు శిరీష రైఫిల్. అంటే ఆమె సొంతం కాదు, రేంజ్‌దే. శిరీషది ఎడమ చేతి వాటం. ఎడమ చేతికి పనికొచ్చే రైఫిల్ మా దగ్గర అదొక్కటే. వాళ్లమ్మ యాదమ్మ శామీర్‌పేటలో రోడ్డు పక్కన చేపలు అమ్ముతుంది. ఇంటర్ చదువుతూ రోజూ రెండు బస్సులు మారి రేంజ్‌కు వచ్చే పిల్ల. సొంత రైఫిళ్లున్న పిల్లలందరినీ దాటి, రాష్ట్ర జట్టు ఎంపికకు మా రేంజ్ పంపే ఆరుగురిలో ఉంది.

దసరా తర్వాత ఆమె గుండ్లు చెదరడం మొదలైంది. యాభై మీటర్ల దూరంలో పది గుండ్లు పావలా బిళ్ళంత చోట పడేవి, ఇప్పుడు క్యారం కాయినంత చోటుకు పాకాయి. కోచ్ వినయ్ కుర్రవాడు, మంచివాడు, పుస్తకాలు బాగా చదివాడు. పిల్ల భయపడుతోందని తేల్చాడు. ధ్యానం చేయించాడు, అరటిపళ్లు తినిపించాడు. మూడు వారాలైనా మారలేదు. జాబితాలోంచి పేరు తీసేద్దామన్నారు. సోమవారం జాబితా పోవాలి. శుక్రవారం సాయంత్రం ఆ పిల్ల రైఫిల్ అప్పగించడానికి నా కిటికీ దగ్గరికి వచ్చింది.

“తాతా, ఇగ రేపటి సంది రాను.”

“ఎందుకు రావు?”

“నా చెయ్యి వణుకుతాందట. నాకు తెలుస్తలేదు గని, వణుకుతాందట.”

ఆ మాట నాకు ముల్లులా దిగింది. పదిహేడేళ్ల పిల్ల, తన చేతిని తానే నమ్మడం మానేసింది. నేను రైఫిల్ అందుకుని, బోల్ట్ తీసి, ఖాళీ అని చూసుకుని, మూతి అంచు చుట్టూ చిటికెడు దూది రాశాను. కింది వైపు రెండు చోట్ల దూది పోగులు పట్టుకున్నాయి. వాచీ రిపేరువాళ్లు కంటికి పెట్టుకునే అద్దం పెట్టి చూశాను. గడియారంలో ఆరు అంకె ఉండే చోట అంచు అరిగి, పక్కన లోహం పోగు లేచి ఉంది.

“బిడ్డా, నీ చెయ్యి వణుకుతలేదు. రేపు పొద్దుగాల రా.”

శనివారం పొద్దున సెక్రటరీ సార్ గదిలోకి పోయాను. కోచ్ అక్కడే ఉన్నాడు.

“సార్, ఏడో నంబర్ మూతి ఖరాబైంది. పిల్లది తప్పు కాదు.”

“మల్లా రాడ్ల కథేనా మల్లేశం? పిల్ల మీద ప్రేమ ఉంటే ఉంచుకో గని, నా డబ్బాల మీద పడకు.”

“నా మాట నమ్మొద్దు సార్. వినయ్ సార్‌ను కాల్వమనుండ్రి. ఇసుక సంచుల మీద పెట్టి కాల్వమనుండ్రి. ఆయన చెయ్యి గూడ వణుకుతదేమో సూద్దాం.”

కోచ్‌కు కోపం వచ్చింది. మంచిదే, కోపం వస్తేనే లేచాడు. రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించి పది గుండ్లు కాల్చాడు. గురి కాగితం తెప్పించారు. క్యారం కాయినంత! వినయ్ ఆ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు.

“ఇగ ఏమంటరు సార్? ఈయనకు గూడ అరటిపండ్లు పెడ్దామా?”

సెక్రటరీ సార్ నవ్వలేదు. “బాగు చేసేటోడు ఎవడున్నడు? కంపెనీకి పంపితే మూడు నెలలు.”

“నేను జేస్త. మీరు రిజిస్టర్ల సంతకం పెట్టుండ్రి. పని చెడితే తాళాలు ఈసారి అలిగి ఇయ్యను, నిజంగనే ఇచ్చి ఇంటికి పోత. పూజ రోజు నేనొచ్చి ఉంటే గిది అయ్యేది కాదు. తప్పుల నాకు గూడ వాటా ఉన్నది.”

ఆయన నా మొహంలోకి చూసి సంతకం పెట్టారు. ఆ సంతకానికి ఆయనను ఈ రోజుకూ గౌరవిస్తాను.

ఆదివారం పని

అనుమతి కాగితాలు లేకుండా రైఫిల్ రేంజ్ గేటు దాటకూడదు, అది చట్టం. కాబట్టి పనిముట్టే లోపలికి రావాలి. గాజులరామారంలో నా పాత లేత్ దోస్తు సత్తయ్య దగ్గరికి పోయి, ఇత్తడి పుల్ల చివర గుండ్రటి తల చేయించుకున్నాను. మెకానిక్ షాపులో ఇంజను వాల్వులు నూరే పేస్టు తెచ్చాను. ఆదివారం ఆయుధాల గదిలో రైఫిల్‌ను బిగించి, పేస్టు లోపలికి పోకుండా మూతి లోపల నూనె గుడ్డ కూరి, ఇత్తడి తలకు పేస్టు పూసి, చేతి డ్రిల్లుతో మెల్లగా తిప్పాను. ఒకే చోట కాకుండా చుట్టూ ఊపుతూ తిప్పాలి. అయిదు నిమిషాలు తిప్పడం, తుడవడం, అద్దం పెట్టి చూడడం. మళ్లీ తిప్పడం. శిరీష పక్కన నిలబడి దీపం పట్టింది. మూడు గంటలకు అంచు చుట్టూ సన్నటి మెరిసే ఉంగరం ఏర్పడింది, ఎక్కడా తెగకుండా. మళ్లీ దూది రాస్తే ఎక్కడా పట్టకుండా జారిపోయింది.

మూతిని శుభ్రంగా తుడిచి, వెనక నుంచి గైడ్ గొట్టంలోంచి ఉక్కు కడ్డీ పంపాను. నూనె గుడ్డ బయటపడింది. ఒక పొడి చిందీ పంపాను. అంతే, ఆపాను.

సాయంత్రం సెక్రటరీ సార్, కోచ్, అయిదారుగురు మెంబర్లు వచ్చి నిలబడ్డారు. శిరీష పడుకుని రైఫిల్ భుజానికి ఆనించింది. మొదటి అయిదు గుండ్లు కాల్చింది. అయిదూ అయిదు చోట్ల పడ్డాయి. వెనకనుంచి ఎవరో నవ్వారు.

“అయిపాయె. మల్లేశం, తాళాలు తెచ్చినవా?” అన్నారు సార్.

“ఆగుండ్రి సార్. బారెల్ల నూనె మిగిలింది. అది కాలాలె, మల్ల మైనం పట్టాలె. ఇంక పది కాల్వనియ్యుండ్రి. బిడ్డా, కాయితం దిక్కు సూడకు. ఊకె కాల్వు.”

కాల్చింది. నేను టెలిస్కోపులో చూడలేదు. నాకు భయమేసింది, దాచుకోవడం ఎందుకు. కోచ్ చూస్తున్నాడు. ఆరో గుండు, ఏడో గుండు, ఎనిమిదో గుండు. ఒకదాని పక్కన ఒకటి పడుతున్నాయని అతను వేళ్లు దగ్గర చేసి చూపించాడు. కాగితం మార్చి పది గుండ్లు లెక్కకు కాల్చమన్నారు. ఆ కాగితం వచ్చాక సెక్రటరీ సార్ తన వేలి ఉంగరం తీసి దాని మీద పెట్టారు. పది గుండ్లూ ఉంగరం లోపలే ఉన్నాయి.

వినయ్ ఆ పిల్ల ముందు ఒంగి, “తప్పు నాదే శిరీషా. ముందుగాల రైఫిల్‌ను అనుమానించాల్సింది, నిన్ను గాదు” అన్నాడు. కోచ్ అన్నవాడు ఒక పిల్లకు అలా చెప్పడం నేను అదే మొదటిసారి చూశాను. ఈ రోజుల్లో చదువుకున్న కుర్రవాళ్లు పనికిరారని నేను చాలాసార్లు అన్నాను. ఆ సాయంత్రం నుంచి అనడం తగ్గించాను.

సోమవారం జాబితా శిరీష పేరుతోనే వెళ్లింది. మంగళవారం సెక్రటరీ సార్ తన పన్నెండు డబ్బాలను తానే మోసుకుపోయారు. వారం తిరగకుండా ఆరు ఉక్కు కడ్డీలు వచ్చాయి. ఏవి కొనాలో నన్నే అడిగారు. మిగతా రేంజ్ రైఫిళ్లలో మరో మూడింటి మూతులు కూడా పోయాయి. వాటినీ అలాగే సరిచేశాను.

ఎంపిక రోజు

ఎంపిక పోటీ ఊరవతల ఇంకో రేంజ్‌లో జరిగింది. రైఫిల్ వెంట నేను కూడా పోయాను. చూసేవాళ్లను లోపలికి కొద్దిమందినే రానిచ్చారు. యాదమ్మకు చోటు దొరకలేదు. గేటు బయట చేపల గంప బోర్లించుకుని దాని మీద కూర్చుంది.

శిరీష చివరి పది గుండ్లకు వచ్చేసరికి నాలుగో స్థానంలో ఉంది. జట్టుకు ముగ్గురే. పది, పది, తొమ్మిది, పది. పక్క పిల్ల చేయి జారి ఎనిమిది కొట్టింది. పది, పది, పది, పది, పది. చివరి గుండుకు మా పిల్ల రైఫిల్ ఒకసారి దించి, మళ్లీ ఎత్తి, నింపాదిగా కాల్చింది. నడుమన పడింది. తెర మీద పేర్లు కదిలి, ఆమె పేరు మూడోదిగా నిలిచింది.

నేను లేచి నిలబడి, “శెభాష్ బిడ్డా!” అని అరిచాను. పక్క వరసలో వేరే పోటీవాళ్లు ఇంకా కాలుస్తున్నారు. రేంజ్ అధికారి వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. కాల్పులు సాగుతుండగా అరిచినవాణ్ని బయటికి పంపాలని ప్రతి రేంజ్‌లో నియమం ఉంటుంది. మా దగ్గర అలా నేనే ఎంతమందిని పంపానో. ఎదురు చెప్పకుండా తల ఎత్తుకుని నడిచాను.

గేటు బయట యాదమ్మ గంప మీంచి లేచింది.

“ఏంది అన్నా, నిన్ను బయటికెందుకు తోలిండ్రు?”

“అరిసిన.”

“గింత వయసొచ్చి ఎందుకు అరిసినవ్? పోరి ఏమైంది?”

“జట్టుల ఉన్నది చెల్లె.”

ఆమె నా కంటే నాలుగింతలు గట్టిగా అరిచింది. లోపలినుంచి ఆ అధికారి మళ్లీ పరుగెత్తుకుని వచ్చాడు. కానీ ఆమె అప్పటికే గేటు బయట ఉంది, ఇక పంపడానికి ఆయనకు ఎక్కడా చోటు లేదు.